శరత్కాలపు సొమ్ము – మోటారుకారు కొనుగోలు

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుకొని కార్తికమాసపు జాతరలు ముగియువఱకు నారాయణపేట బజారున సందడికి కొఱత యుండదు. తంగేడును గునుగును గంపలకెత్తుకొని వచ్చు పల్లెపడుచు లొకప్రక్క, నేతచీరల దుకాణముల మెట్లెక్కువా రొకప్రక్క, ధనత్రయోదశికి గురిగింజయెత్తు బంగారమైనను కొనవలెనని యంగళ్లు తిరుగువా రొకప్రక్క. నేతచీరలకును మేలిబంగారమునకును మన పట్టణము పూర్వమునుండియు పేరుపొందినదే కదా! ఇటీవల నీ సందడికి మఱియొక దృశ్యము తోడైనది. విజయదశమి యుదయమున గుడిముందర బంతిపూలదండలు వేసికొని, చక్రముల క్రింద నిమ్మకాయలతో, క్రొత్తకార్లును పాతకార్లును వరుసదీరి నిలుచుచున్నవి. వానిలో కొన్ని రైతులవి.

రైతు కారెక్కరాదని మే మనము. ఊరికి దూరముగా పొలమున్నవానికి, ఇంట వృద్ధులున్నవానికి, నడిరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చువానికి నది యక్కఱకు వచ్చు వస్తువే. మా ప్రశ్న వేఱు. దసరానాడు రైతు కారు కొనునప్పుడు ఆ సొమ్మెక్కడిది?

దసరానాటికి చేతికి వచ్చునదేమి?

2019 ఫిబ్రవరి 17వ తేదీన మహబూబ్‌నగరునుండి వేఱుపడిన మన జిల్లాలో చెలక లున్నవి, నల్లరేగడి భూములున్నవి, కాలువక్రింది మళ్లున్నవి. వీనిలో నే చేను చూచినను ఆశ్వయుజమాసమున పంట యింటికి వచ్చియుండదు. పత్తి మొదటి తీతకు వచ్చును. కంది పూతకు వచ్చి, మచ్చలపురుగు భయముతో నుండును. వరి యింకను మడిలోనే యుండును. నల్లరేగడిలో యాసంగి జొన్నను శనగను, తేలికనేలలలో వేరుశనగను విత్తుకొను కాల మిదియే. విత్తనమునకును, ఎరువునకును, పత్తితీత కూలీలకును రైతు చేతినుండియే సొమ్ము పోవుచుండును.

అనగా దసరానాడు రైతు యింట రాబడికంటె వెచ్చమే యెక్కువ. అతనిచేత నున్నది పంట కాదు, పంటమీది యాశ. బండ్లమ్మువారికిని, అప్పిచ్చువారికిని ఈ సంగతి బాగుగా తెలియును. అందుచేతనే వారు "ముందు కొంచెము కట్టుడు, మిగిలినది నెలనెలకు చూచుకొందము" అందురు.

కష్టమంతయు నా "నెలనెల" యను మాటయందే కలదు. ఉద్యోగికి నెలకొకసారి జీతము వచ్చును. రైతునకు ఏటికొక పంటయో, రెండుపంటలో. వాయిదా మాత్ర మిద్దఱికిని నెలకొకసారియే వచ్చును. అప్పుడేమగునో పత్తివిషయమున చూడుడు. 2025-26 సంవత్సరమునకు పొడవుపింజ పత్తికి మద్దతుధర క్వింటాలుకు రూ. 8,110. తేమ నూటికి 8 మొదలు 12 వఱకు నుండినగాని భారత పత్తిసంస్థవారు కొనరు. 12 దాటినచో బండి త్రిప్పుకొని రావలసినదే. ఏరిన పత్తిని రెండుమూడు దినములు ఎండలో పలుచగా ఆరబోసినవాడు ఆ ధరను పొందును. అయిదవ తేదీన వాయిదా కట్టవలసినవాడు ఆరబోయువఱకు ఆగలేడు. పచ్చిపత్తిని అడ్తిదుకాణమున నడిగిన ధరకు వదలుకొనును. కందికి నిదియే గతి. పంట పుష్యమాసమున గాని కల్లమునకు రాదు. ఆలోపల మూడు వాయిదాలు వచ్చిపోవును. ఇట్లు వాయిదా తేదీయే మన పంటకు బేరగాడై కూర్చుండును.

పన్ను తగ్గినమాట నిజమే

2025 సెప్టెంబరు 22వ తేదీ శరన్నవరాత్రులకు మొదటిదినము. ఆ దినమునుండియే చిన్నకార్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. 28పై వేయుచుండిన సెస్సును తొలగినది. నాలుగు మీటర్లకు మించని నిడివిగల బండ్లలో, పెట్రోలువైనచో 1,200 సి.సి. వఱకును, డీజిలువైనచో 1,500 సి.సి. వఱకును ఈ తగ్గింపు వర్తించును. ఆ దినముననే ట్రాక్టరులపై పన్ను 12 నుండి 5కును, ట్రాక్టరు టైర్లపై 18 నుండి 5కును దిగినది. రైతు మొదట గమనింపవలసినది ఈ రెండవ తగ్గింపు.

క్రొత్తబండి ధర తగ్గినప్పుడు పాతబండి ధరయు తగ్గవలెను. కావున పాతకారు అమ్మువాడు పన్నుతగ్గుటకు ముందటి ధరను చెప్పినచో, ఆ సంగతిని జ్ఞాపకము చేసి బేరమాడవచ్చును. అయినను ధర తగ్గుట వేఱు, మన రాబడి హెచ్చుట వేఱు. చౌకయైనదని కొన్నవస్తువును మన కక్కఱ లేనిదైనచో ప్రియమే.

కారును కందులతో కొలుచుట

రూపాయలలో చెప్పిన సంఖ్య రైతు మనస్సునకు తగులదు. ఆఱులక్షలనగా గాలిలోని మాట. దానిని కందులలోనికి మార్చి చూతము. 2025-26లో కందుల మద్దతుధర క్వింటాలుకు రూ. 8,000. ఆ లెక్కను ఆఱులక్షల కారు 75 క్వింటాళ్ల కందులు. దానిపై మన రాష్ట్రపు జీవితపన్ను నూటికి 14 వంతున రూ. 84,000, అనగా మఱి పదిన్నర క్వింటాళ్లు. వర్షాధారపు చెలకలో నెకరమునకు నాలుగు క్వింటాళ్లు పండిన వనుకొన్నను, ఇరువదియొక్క యెకరముల పైచిలుకు పంటను కూలి, విత్తనము, మందు ఏదియు తీసివేయక తెచ్చి పోసినగాని ఆ కారు వాకిట నిలువదు. బీమాయు, పెట్రోలును, ఏటేట మరమ్మతును ఇంకను లెక్కకు రాలేదు. వానికి సాలునకు నలుబదివేలు చాలుననుకొన్నను, ప్రతియేడు అయిదు క్వింటాళ్ల కందులను కారు తినుచుండును.

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో లెక్కల ఉపాధ్యాయులొకరు ప్రతివిద్యార్థి చేతను ఇంటిఖర్చుల పుస్తకమును వ్రాయించెడివారు. దానిలో రాబడికి రెండు వరుసలు గీయించెడివారు: ఒకటి "రావలసినది", రెండవది "వచ్చినది". ఖర్చు ఎన్నడును మొదటివరుసనుండి వ్రాయరాదనుట వారి కట్టడి. అప్పుడది పిల్లలను విసిగించు నియమముగా తోచెను. ఇరువది యేండ్లుగా పల్లెలు తిరిగిన పిమ్మట, రైతులకు మేము చెప్పదగిన మాటలలో నింతకంటె మేలైనది మాకు కనబడలేదు. దసరానాటి కారును మొదటివరుసనుండి కొనుచున్నారు.

కొనుటకు ముందు మూడునెలలు ఒక చిన్నపుస్తకము వ్రాయుడు. ఎన్నిదినములు నిజముగా కారు కావలసివచ్చెను? వానిలో బస్సు చాలినవెన్ని? 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు లేదు. 2023 అక్టోబరు 1న జక్లేరు–కృష్ణా రైలుమార్గము ప్రారంభమైనది మొదలు మక్తలు వైపువారికి రాయచూరు పయనమునకు రైలును కలిగినది. వీనిని తీసివేయగా సాలునకు నలుబదిదినములు మిగిలినవనుకొందము. దినమునకు రెండువేల చొప్పున బాడుగబండి పెట్టినను ఎనుబదివేలు. దీనిని కారు వాయిదాతో పోల్చి చూడుడు.

వడ్డీలోని మర్మము

అయిదులక్షల యప్పును అయిదేండ్లకు, నూటికి సాలుకు పది రూపాయల వడ్డీకి తెచ్చుకొన్నామనుకొందము. కట్టినంత మేరకు అసలు తగ్గి, తగ్గిన యసలుపైననే వడ్డీ వేయు పద్ధతిలో నెలవాయిదా సుమారు రూ. 10,624. అయిదేండ్లలో వడ్డీ సుమారు రూ. 1,37,400. మఱియొక పద్ధతి కలదు. మొదటి అయిదులక్షలపైననే అయిదేండ్లకును వడ్డీ వేయుదురు. అప్పుడు వడ్డీ రెండున్నర లక్షలు, నెలవాయిదా రూ. 12,500. రెండుచోట్లను నోట చెప్పినది "పది" యే. రెండవదానిలో నిజమైన వడ్డీ మొదటి పద్ధతి లెక్కను పదునేడు దాటును. కావున "వడ్డీ యెంత?" అని యడుగుట చాలదు. "మొత్తము కట్టవలసిన సొమ్మెంత?" అని యడిగి కాగితముపై వ్రాయించుకొనుడు.

మొదటిపద్ధతిలోనైనను సాలునకు వాయిదాలే రూ. 1,27,000 పైగా నగును. బాడుగబండి ఎనుబదివేలకు తీరినపని కిది సరిపోవునో లేదో ప్రతివాడు తన పుస్తకమును చూచి నిర్ణయించుకొనవలెను.

అప్పు తప్పనిచో పంటసొమ్ము వచ్చు నెలలలోనే, ఆఱునెలలకొకసారి కట్టు ఏర్పాటున్నదేమో విచారింపుడు. పంటఋణమును మాత్రము కారువైపు మరలింపకుడు. మూడులక్షలవఱకు పంటఋణము గడువులో తీర్చినవానికి వడ్డీ నూటికి నాలుగే పడును. అంత చౌకయైన సొమ్ము రైతునకు మఱెక్కడను దొరకదు. అది విత్తనమునకై యిచ్చినది. దానిని కారులో పోసినవాడు విత్తనమునకు వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసివచ్చును.

మా యనుభవము

ఇంత చెప్పుచున్న మేము తప్పుచేయని వారము కాము. పదియేండ్ల క్రిందట దసరాకు నాలుగుదినములు ముందు పొరుగుపట్టణమున నొక మధ్యవర్తివద్ద పాతకారు కొంటిమి. క్రొత్త సీటుకవర్లు, మెఱయు రంగు, మంచి ముహూర్తము. రిజిస్ట్రేషను పత్రముపై నొక ఋణసంస్థ పేరున్నది. అడుగగా "అప్పు తీరిపోయినది, కాగితము రేపుమాపు వచ్చును" అని చెప్పిరి. నమ్మితిమి. సంక్రాంతి దాటిన వారమునకు ఆ సంస్థవారు వచ్చి వాకిట నిలిచిరి. పాతయజమాని వాయిదాలు మిగిలియున్నవి. బండి నిలుపుకొనుటకు మేము రూ. 58,000 కట్టితిమి. ఆ సొమ్ము మా పొలమున బోరు వేయించుటకు దాచినది. బోరు పడలేదు. మఱుసటియేడు పూతవేళ వాన ముఖము చాటుచేయగా, ఒక్కతడి నీరులేక మా కందిచేను కన్నులయెదుట వాడిపోయినది.

ఈ సంగతి వినిన బస్టాండువద్ద మెకానిక్కు, వయస్సు మీఱినవాడు, మమ్ము చూచి యిట్లనెను: "సారూ, బండి సూసేముందల కాయితం సూడాలె గద!" అదే పాఠము. ఇంజనుకు చిన్నపిల్లవాడైనను బాగుచేయువాడు దొరకును. కాగితముల లోపము బాగగుట కష్టము.

పాతబండి కాగితములు

ఒకటి: బండినంబరును ఫోనులోని ఎం-పరివాహన్ యందు వేసి చూచినచో రిజిస్ట్రేషను, బీమా, అప్పు వివరములు తెలియును. బండిమీది చాసిస్ నంబరును పత్రములోని నంబరుతో అక్షరమక్షరము సరిపోల్చుడు.

రెండు: అప్పు తీరినదని నోటిమాట చాలదు. ఋణసంస్థవారి నిరభ్యంతర పత్రమును, వారు సంతకము చేసిన 35వ ఫారమును చేతికి వచ్చినపిదపనే సొమ్ము చెల్లింపుడు.

మూడు: యాజమాన్యపు మార్పునకు 29, 30 ఫారములు కావలెను. ఒకే రాష్ట్రపు బండియైనచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాకార్యాలయమునకు తెలుపవలెనని 1988 నాటి మోటారువాహనముల చట్టము చెప్పుచున్నది.

నాలుగు: మన సరిహద్దునకు ఆవల రాయచూరు, యాదగిరి జిల్లాలు. అక్కడి బండి కొంత చౌకగా కనబడును. దానికి 28వ ఫారముపై అక్కడి రవాణాశాఖవారి నిరభ్యంతర పత్రము కావలెను. పండ్రెండునెలలకు మించి ఇక్కడ నుంచుకొన్నచో మన రాష్ట్రపు నంబరు పొందవలెను, ఇక్కడి పన్నును కట్టవలెను. ఇవి కలిపిన పిదప ఆ చౌక యెంత మిగులునో లెక్కింపుడు.

అయిదు: బీమాను 14 దినములలో మీ పేరునకు మార్పించుకొనుడు. లేనిచో మీ బండికి కలిగిన నష్టమును బీమావారు ఇయ్యకపోవచ్చును.

ఆఱు: బండి నమ్మువారికిని ఒకమాట. 2018లో సుప్రీంకోర్టు తీర్పుప్రకారము, ప్రమాదము జరిగిననాడు రవాణాశాఖ పుస్తకములో నెవరి పేరున్నదో వారే యజమాని, పరిహారమునకు వారే బాధ్యులు. సొమ్ము పుచ్చుకొని తాళము లిచ్చి నిశ్చింతగా కూర్చున్నవాడు, తాను చూడని ప్రమాదమునకు పొలమమ్ముకొను స్థితి రావచ్చును.

ఏడు: పాతకార్ల వ్యాపారి 2025 జనవరి నుండి నూటికి 18 జి.ఎస్.టి. కట్టవలసియున్నను అది తన లాభముపై మాత్రమే. కారు మొత్తపు ధరపై పన్నడిగినచో ఒప్పుకొనకుడు.

బండిని చూచు విధము

ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, నడిపించి చూతుము, కాడి కట్టి చూతుము. కారునకు నంతే. తెల్లవాఱుజామున ఇంజను చల్లగా నున్నప్పుడు పోవుడు. ముందుగా వేడిచేసియుంచిన ఇంజను తన రోగమును దాచును. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో ఇంజనులో నూనె కాలుచున్నదనుట. మీటరు కొద్దిమైళ్లే చూపుచు, పెడళ్ల రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును నమ్మరాదు. టైరు ఒకవైపే యరిగినచో చక్రముల వరుస తప్పియుండును. క్రింది చాపను ఎత్తి చూచి, మట్టిపూతయు త్రుప్పును కనబడినచో బండి వరదనీట మునిగినదేమోయని శంకింపవలెను. కడపట నలుగురిని కూర్చుండబెట్టుకొని మీ యూరి మట్టిదారిని నడిపింపుడు. తారురోడ్డుపై పల్లకివలె పోయిన కారు చెలకబాటలో కడుపు నేలకు తగిలించుకొనవచ్చును.

ఊరిపనివారిని మఱువరాదు

ఈ పరీక్షకు మీ బండిని రేపు బాగుచేయబోవు మెకానిక్కునే వెంట తీసికొనిపొండు. అతని దినకూలి నతనికిండు. ఆ కొద్దిసొమ్ము వేలు మిగుల్చును. టైర్లవాడు, బ్యాటరీవాడు, సీట్లు కుట్టువాడు మన పట్టణమువారే. దూరనగరమున కొన్న బండి చెడినప్పుడు మనల నాదుకొనునది వీరే. అయితే ఊరివాడను మొగమాటమున రసీదు అడుగక పోరాదు. మార్చిన పాతసామానును చేతికి తీసికొని చూచుకొనుట ఇద్దఱికిని గౌరవమే.

కార్తికమున కురుమూర్తి జాతరకు మనలో పలువురు పోవుదురు. ఆ స్వామి ఉద్దాలను వడ్డెమాను గ్రామపు చర్మకారులు నిష్ఠతో కుట్టుదురు. వానిని ఊరేగింపుగా కొండకు గొనిపోవుటయే జాతరలో ముఖ్యమైన దినము. స్వామియే తన పాదుకలకు సమీపమునందలి పనివాని చేతిని నమ్మియుండగా, మనము పండుగచీరకు మన నేతవానిని, బండికి మన పనివానిని నమ్ముట చిన్నతనము కాదు. రైతుసొమ్ము ఊరిలో నాలుగుచేతులు మారినప్పుడే ఊరి యంగళ్లు నిలుచును.

సంఘసభ్యులకు మనవి

మా సలహా క్లుప్తముగా నిది. దసరాకు కారు కొనకుడు, ఆయుధపూజనాడు ఉన్న నాగలికిని ట్రాక్టరునకును పసుపుకుంకుమలు పెట్టుడు. పత్తి ఆరబోసి, కంది నూర్చి, అమ్మి, అప్పులు తీర్చి, యాసంగిఖర్చు తీసి వేఱుగానుంచి, మిగిలినది చూచుకొనుడు. అది సంక్రాంతికి తెలియును. అప్పటికి సంవత్సరము మాఱియుండును గనుక, గతసంవత్సరపు తయారీబండ్ల ధర తగ్గించి యమ్ముట వ్యాపారుల వాడుక. ముహూర్తము కొంచెము వెనుకకు జరిగినందున నష్టములేదు.

ఒక్కనికి భారమైనది పదిమందికి తేలిక. రాత్రివేళ ఆసుపత్రికిని, విత్తనములు తెచ్చుటకును ఒక బండిని సంఘము తరఫున బాడుగకు నడుపవచ్చునేమో వచ్చు సర్వసభ్యసమావేశమున చర్చింపుడు. ప్రాథమిక సహకారసంఘములు ఇరువదియైదునకు పైగా పనులు చేపట్టుటకు వీలుగా 2023లో కేంద్రప్రభుత్వము నమూనా నిబంధనలు పంపియున్నది. సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతిసభ్యుడును తన మూడునెలల పుస్తకమును తెచ్చినచో చర్చ గాలిమాటలతో పోక లెక్కలపై నడచును.

ఆ పుస్తకమున రెండువరుసలు గీయుట మఱువకుడు. ఖర్చును రెండవదానినుండియే వ్రాయుడు.